ఖర్మ అన్న మాట ఒప్పుకోని బోటనీ మాస్టారు

శివరాత్రి నాడు మా పట్టిసీమ రేవులో నిలబడితే జనం తప్ప ఇంకేం కనపడదు. మేం పట్టిసం అనే అంటాం, పట్టిసీమ అన్నది బోర్డుల మీద పేరు. గోదారి మధ్యలో కొండ, కొండ మీద వీరభద్రుడు. లాంచీలు ఆగకుండా తిరుగుతుంటాయి. నెత్తి మీద మూటలతో ముసలమ్మలు, మెడ మీద పిల్లల్ని ఎక్కించుకున్న నాన్నలు, తడిబట్టలతోనే క్యూలో నిలబడ్డ ఆడోళ్ళు. నేను దేవుణ్ణి నమ్మను. అయినా ఆ రేవులో మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి గ్లాసులు అందించిన శివరాత్రులు చాలా ఉన్నాయి.

ఓసారి అక్కడే ఓ కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. నమ్మనోడివి నీకిక్కడేం పనన్నా అని అడిగేడు. వాడూ నమ్మడు. ఫోన్లో దేవుళ్ళ మీద బూతులు పెట్టడమే నాస్తికం అనుకుంటున్నాడు. వాడి కోపానికి కారణం లేకపోలేదు. వాళ్ళది పేట. ఇంట్లోవాళ్ళు ఆదివారం చర్చికెళ్తారు. ఊళ్ళో గుడికి ఇంటికింత అని చందా వేసేరు. ఇవ్వలేనన్నందుకు వాళ్ళ నాన్నని పిలిపించి అందరి ముందూ నిలబెట్టేరు. ఊళ్ళో పనులకి పిలవడం మానేసేరు. ఆ రోజు ఆ జనంలో వాడికి నేను చెప్పాలనుకున్న కథొకటి ఉంది. లాంచీ వచ్చేసింది, కుదర్లేదు. అదే ఇక్కడ రాస్తున్నాను. వాడొక్కడికే కాదు, మీ ఊళ్ళల్లో ఇలా కోపంతో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అందరికీ.

మా ఊరి నీళ్ళ వెంట వెళ్తే ఆ కథ దగ్గరికే చేరతాం. పట్టిసీమ ఎత్తిపోతల గురించి మీకు తెలిసిందే. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. గోదారి నీళ్ళు పైపుల్లో ఎక్కి, పోలవరం కుడికాలవలో పడి, కృష్ణలో కలుస్తాయి. మోటారు తిప్పేది కరెంటు. స్విచ్చి నొక్కే ముందు మాత్రం పసుపు, కుంకం, కొబ్బరికాయ, హారతి. అది ప్రభుత్వ ఖర్చు మీదే. ఏ పార్టీ వచ్చినా అంతే. సరే, ఆ నీళ్ళు ప్రకాశం బ్యారేజీకి చేరి, అక్కణ్ణించి కృష్ణా డెల్టా కాలవల్లోకి వెళ్తాయి. ఆ డెల్టాలోనే ఉయ్యూరు దగ్గర ముదునూరు అనే పల్లెటూరుంది. 1940లో ఆ ఊరివాళ్ళు ఓ పంతుల్ని పిలిచి మా ఊళ్ళో ఉండండని అడిగేరు. దేవుడు లేడన్నందుకు ఉద్యోగం లేకుండా పోయిన మనిషాయన. పేరు గోపరాజు రామచంద్రరావు. ముందు రెండక్షరాలూ కలిపి గోరా అన్నారు, ఆ పేరే నిలబడిపోయింది.

గోరా పుట్టింది 1902 నవంబరు 15న, ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఛత్రపురంలో. బ్రాహ్మల కుటుంబం, బాగా ఆచారం ఉన్న ఇల్లు. చదువు మన కాకినాడలోనే సాగింది. తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బోటనీ చదివేరు. పుట్టుకతోనే నాస్తికుడని ఎవరైనా అంటే నమ్మకండి, కుర్రతనంలో మడీ పూజా అన్నీ చేసిన మనిషే. 1922లో పెళ్ళయింది. పెళ్ళికూతురు సరస్వతి, విజయనగరంలో 1912లో పుట్టిన పిల్ల. అంటే పదేళ్ళు. ఆ రోజుల్లో ఆ ఇళ్ళల్లో అది మామూలు సంగతి. బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చిందే 1929లో. రేపు పెద్ద సంస్కర్త అవబోయే మనిషి పెళ్ళి కూడా అలాగే జరిగిందని దాచక్కర్లేదు.

చదువయ్యాక ఆయన చేసిన ఉద్యోగాలు చూస్తే తమాషాగా ఉంటుంది. మధురైలో అమెరికన్ కాలేజీ, అది క్రైస్తవ మిషనరీలది. మతం మారితే పెద్ద చదువుకి అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పంపుతామన్నారు, ఒప్పుకోలేదు. కోయంబత్తూరులో పత్తి మీద పరిశోధన. అక్కణ్ణించి కొలంబోలో ఆనంద కాలేజీ, అది బౌద్ధులది. ఆ తరవాత కాకినాడ పీఆర్ కాలేజీ. ఆ కాలేజీకి అండ పిఠాపురం రాజా గారు, బ్రహ్మసమాజాన్ని ఆదుకున్న మనిషి. అక్కడ ప్రిన్సిపాలుగా చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు దళిత పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించిన మహానుభావుడు. అందరికన్నా ఆఖర్న బందరు హిందూ కాలేజీ. ఇన్ని మతాల గడపలు తొక్కి, ఎక్కడా మతం తీసుకోకుండా బయటికొచ్చేరు.

తగువు ముందు ఇంట్లోనే మొదలైంది. జంధ్యం వేసుకోనన్నారు. 1928లో తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నారు. కులం వెలేసింది. భార్యకి అప్పటికి పదహారేళ్ళు. ఆయనతో పాటు ఆవిడా గడప దాటేరు. మగాడు సిద్ధాంతం కోసం ఇల్లొదిలితే పుస్తకంలో పేరొస్తుంది. ఆ సిద్ధాంతం ఇంకా పూర్తిగా ఒంటబట్టని పదహారేళ్ళ పిల్ల వెంట నడిస్తే ఏవొస్తుంది? సరస్వతి గారు మెల్లమెల్లగా తనంతట తను ఆలోచించుకుని నాస్తికురాలయ్యేరు. తరవాత భర్త కన్నా గట్టిగా నిలబడ్డారు. గ్రహణం పడితే కడుపుతో ఉన్నవాళ్ళు కదలకూడదంటారు కదా. మా అక్కని అలాగే చీకటిగదిలో వెల్లకిలా పడుకోబెట్టి, ఒళ్ళు గోక్కోనివ్వకుండా మా అమ్మ కాపలా కాసింది, నాకింకా గుర్తు. ఆ భయం పోగొట్టడానికి గర్భిణుల్ని గ్రహణం వేళ బయటికి రమ్మని పిలవడం వీళ్ళ పనుల్లో ఒకటి. దెయ్యాలున్నాయని జనం వదిలేసిన ఇంట్లో ఉండి చూపించడం, నిప్పుల్లో నడవడం మహిమ కాదని తామే నడిచి చూపించడం కూడా అలాంటివే. ఎవరినీ తిట్టకుండానే ఇవన్నీ చేసేరు.

1933లో కాకినాడ ఉద్యోగం పోయింది. దేవుడన్న భావన మీద ఓ వ్యాసం రాసేరు, అదే నేరం. సంస్కరణకి పేరుపడ్డ కాలేజీ అది. కులం తప్పంటే విన్నారు, వితంతు వివాహం అంటే విన్నారు. దేవుడే లేడనేసరికి వాళ్ళకీ మింగుడు పడలేదు. మన రాజమండ్రి వీరేశలింగం గారు 1881లో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరంతా ఎదురు తిరిగింది. ఆయన విగ్రహాల్ని వదిలేరు గానీ దేవుణ్ణి వదల్లేదు. యాభై ఏళ్ళ తరవాత ఇంకో అడుగు వేసినాయనకి ఆ సంస్కర్తల వారసుల దగ్గరే చోటు దొరకలేదు. బందరులోనూ ఇదే గొడవ. ఇల్లంతా పిల్లలు. 1940లో ఆ ఉద్యోగం కూడా వదిలేసేరు. ఆ తరవాత మళ్ళీ నెల జీతం ముఖం చూడలేదు.

పిల్లలంటే గుర్తొచ్చింది, వాళ్ళ పేర్లు వినాలి మీరు. ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టినోడు లవణం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు పుట్టినోడు సమరం. పేపర్లలో, టీవీల్లో ఆరోగ్యం గురించి చెప్పే డాక్టరు సమరం గారే. తొమ్మిదో సంతానానికి హిందీలో తొమ్మిదని నౌ అని పెట్టేసేరు. దేవుళ్ళ పేర్లు లేవు, తోక లేదు. పేరు చెప్పగానే కులం తెలిసిపోయే మన దేశంలో ఇది చిన్న పనేం కాదు. మీ క్లాసులో హాజరు పట్టీ ఓసారి తిరగేసి చూడండి.

1940 ఆగస్టు 10న ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది. కేంద్రం అంటే ఏదో భవనం అనుకునేరు, పెద్దవాళ్ళకి రాత్రిబడి, ఊళ్ళో పని, అంతే. పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టేవారు. మాలపేట, మాదిగపేట, రైతులు, బ్రాహ్మలు, అందరూ ఒకే వరసలో కూర్చుని తినడం. ఇప్పుడు వింటే ఇదేం గొప్పా అనిపిస్తుంది. మీ ఊళ్ళో పెళ్ళిభోజనాల్లో ఎవరి వరస ఎక్కడ వేస్తున్నారో, ఏ హోటల్లో ఎవరి గ్లాసు వేరుగా ఉందో చూసేక చెప్పండి. 1942లో క్విట్ ఇండియా అన్నప్పుడు ఆ కుటుంబం జైలుకెళ్ళింది. సరస్వతి గారు చంటిబిడ్డని చంకనేసుకుని వెళ్ళేరు.

ఇక్కడ గాంధీ సంగతి చెప్పాలి. నన్నడిగితే గోరా జీవితంలో గట్టి ఘట్టం ఇదే. 1930లోనే గోరా గాంధీకి ఉత్తరం రాసేరు, దేవుడంటే మీ ఉద్దేశం ఏవిటని. అది మనిషి బుద్ధికి అందనిదని జవాబొచ్చింది. మళ్ళీ 1941లో రాసేరు. ఈసారి జవాబు ఇంకా కటువుగా ఉంది, నాస్తికం అంటే తనని తను కాదనుకోవడమేనని, అందులో ఎవరూ నెగ్గలేదని. మనవైతే అక్కడే స్క్రీన్‌షాట్ తీసి పోస్టు పెట్టేసి, మహాత్ముడి గొప్పతనం చూసేరా అని ఎగతాళి చేసేవాళ్ళం. గోరా అలా చెయ్యలేదు. మూడేళ్ళు ఊళ్ళో పని చేసి, 1944 నవంబరులో సేవాగ్రాం వెళ్ళి ఎదురుగా కూర్చున్నారు.

గాంధీ నడుస్తుంటే పక్కనే నడుస్తూ మాట్లాడేరు. వాదన కోసం నాకీ నాస్తికం కాదు, అంటరానితనం పోవాలంటే ఇదే దారి అనిపించి పట్టుకున్నానని చెప్పేరు. బెంగాల్ కరువప్పుడు కలకత్తాలో తను చూసిన సంగతి చెప్పేరు. నిండుగా ఉన్న మిఠాయి కొట్ల ముందే జనం ఆకలితో పడి చచ్చిపోయేరు. కొట్టు మీద చెయ్యెయ్యలేదు, నోరు తెరిచి ఎవర్నీ నిలదియ్యలేదు. ఎందుకంటే ఇది మన రాత అనుకున్నారు. ఆ రాత అన్న మాట మనిషి బుర్రలోంచి పోతే తప్ప మాలపేట మాలపేటలాగే ఉంటుంది, కూలోడు కూలోడిలాగే ఉంటాడని గోరా గారి గట్టి నమ్మకం.

ఈ ముక్క దగ్గర నాకు 2015 జూలై 14 గుర్తొస్తుంది. గోదావరి పుష్కరాలు, మొదటి రోజు. రాజమండ్రి కోటగుమ్మం పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాట. 27 మంది పోయేరు. సాయంత్రానికి మా రేవులో ఓ పెద్దాయన పుష్కరాల్లో పోవడం అదృష్టం, నేరుగా కైలాసానికే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపేరు. గేటు ఎవరు ఆపేరు, అంతమంది ఒక్క ఘాట్‌కే ఎందుకొచ్చేరు, పక్క ఘాట్లు ఖాళీగా ఉన్నాయని ఎవరూ ఎందుకు చెప్పలేదు అని అడగాల్సిన రోజది. కైలాసం మధ్యలోకొచ్చి నిలబడింది. పోయినవాళ్ళ భక్తిని నేనేం అనను. వాళ్ళు నమ్ముకుని వచ్చేరు. జాగ్రత్త చూడాల్సినవాళ్ళకి ఆ నమ్మకం గొడుగు అవకూడదనే నా బాధ.

మళ్ళీ సేవాగ్రాం వద్దాం. గాంధీ మారిపోయి నాస్తికుడవలేదు. గోరా కూడా భక్తుడవలేదు. మీ నాస్తికం తప్పనీ నా ఆస్తికం ఒప్పనీ నేను చెప్పలేనన్న దాకా గాంధీ వచ్చేరు. అది చాలు, పని మొదలైంది. గోరా పెద్దకూతురు మనోరమని, ముదునూరులో తమతో పని చేస్తున్న అర్జునరావు అనే దళిత యువకుడికి ఇచ్చి పెళ్ళి చెయ్యాలనుకున్నారు. సేవాగ్రాంలో తన చేతుల మీదుగా చేస్తానని గాంధీ ఒప్పుకున్నారు. అబ్బాయి కొన్నాళ్ళు ఆశ్రమంలో ఉండాలన్నారు, ఉన్నాడు. పెళ్ళి తంతులో దేవుడి సాక్షిగా అనే మాట వస్తుంది కదా, వీళ్ళు నాస్తికులు, ఎలాగ? దేవుడన్న చోట సత్యం అని పెడదామన్నారు గాంధీ. రోజూ రాముణ్ణి తలుచుకునే మనిషి, నాస్తికుడి కూతురి పెళ్ళికోసం తన మంత్రంలో మాట మార్చుకున్నాడు.

ఆ పెళ్ళి చూడ్డానికి గాంధీ లేరు. 1948 జనవరి 30న చంపేసేరు. మతం పేరు మీదే. మార్చి 13న సేవాగ్రాంలోనే ఆ పెళ్ళి జరిగింది.

నాకు గోరా మీద అనుమానాలు లేకపోలేదు. జంధ్యం ఉన్నోడు తీసెయ్యగలడు. మొదట్నించీ లేనోడు ఏం తీసేస్తాడు? మా పేటల్లో దేవుణ్ణి వదిలెయ్యడం అంటే ఆదివారం నాలుగు మంచిమాటలు వినే చోటు, ఎవరైనా పోతే నలుగురు వచ్చే చోటు కూడా వదిలెయ్యడమే. వెలివేసినా కాలేజీ ఉద్యోగం దొరికే చదువు ఆయనకుంది. 1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం విందు పెట్టేరు, హిందువులదీ ముస్లింలదీ పట్టింపు పోగొట్టాలని. ధైర్యమైన పనే. కానీ గొడ్డుమాంసం మా వాళ్ళకి తిరుగుబాటు కాదు, ఆదివారం కూర. అది తిన్నందుకే మమ్మల్ని ఊరవతల పెట్టేరు. పైకులాల నాస్తికుడికి ఈ తేడా ఎంత తెలిసిందో నేను చెప్పలేను. అయితే కూతుర్నిచ్చిన మనిషి ముందు నా అనుమానాలు కొంచెం తగ్గి నిలబడతాయి. 1960లో కొడుకు లవణం పెళ్ళి చేసుకుంది గుర్రం జాషువా గారి కూతురు హేమలతని. వేదికల మీద కులనిర్మూలన చెప్పి, ఇంట్లో సొంత కులంలో సంబంధాలు చూసే నాయకులు నాకు కొంతమంది తెలుసు. పేర్లు వద్దులెండి.

మిగతా జీవితం గబగబా చెప్తాను. 1947లో కేంద్రం విజయవాడకి మారింది, పటమట దగ్గర. 1949 నుంచి సంఘం అనే పత్రిక. మంత్రులు ఆడంబరం మానాలని సేవాగ్రాం నుంచి ఢిల్లీకి నడక. సర్కారు బంగళాల్లో పూలమొక్కల బదులు కూరగాయలు పెంచమని ఆందోళన. ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, బోటనీ మాస్టారు కదా మరి. పార్టీలే వద్దంటూ ఎన్నికల్లోనూ నిలబడ్డారు, గెలవలేదు. 1975 జూలై 26న విజయవాడలో ఓ సభలో మాట్లాడుతూనే కుప్పకూలి పోయేరు. దేశంలో ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి నెల.

పని ఆయనతో ఆగలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఈ నాస్తికులు అక్కడ సాయం పనుల్లో ఉన్నారు. స్టూవర్టుపురంలో దొంగలని ముద్ర వేసిన కుటుంబాల మధ్య, నిజామాబాదు వైపు జోగినుల మధ్య హేమలత, లవణం ఏళ్ళ తరబడి తిరిగేరు. జోగిని అంటే ఏవిటో తెలుసు కదా, ఆడపిల్లని దేవుడి పేరు చెప్పి ఊరిమగాళ్ళకి అప్పగించడం. అక్కడ దేవుడున్నాడా లేడా అన్న వాదన పెట్టుకోలేదు వీళ్ళు. ఆ పిల్లకి పెళ్ళి, బడి, బతుకుతెరువు చూసేరు. సరస్వతి గారు 2006 దాకా ఉన్నారు. పదహారేళ్ళకి గడప దాటిన పిల్ల, ఆయన పోయేక ఇంకో ముప్పయ్యేళ్ళు ఆ కేంద్రాన్ని నిలబెట్టేరు.

మా కుర్రాడి దగ్గరికొస్తాను. వాడి బూతుపోస్టులు చూసి గుడికెళ్ళేవాళ్ళంతా ఒకటైపోయేరు. అంతకుముందు వాళ్ళల్లోనే చందా బలవంతం తప్పనుకున్నవాళ్ళున్నారు, వాళ్ళు కూడా నోరు మూసుకున్నారు. వాళ్ళ నాన్న ఇంకా ఒంటరివాడయ్యేడు. పైగా కాగితాల గొడవొకటి. వెళ్ళేది చర్చికి, సర్టిఫికెట్లో మాత్రం హిందూ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నట్టు రాస్తే ఎస్సీ హక్కు పోతుంది. వాడు రెండూ నమ్మడు, అయినా ఫారంలో గడి ఖాళీ వదిలితే ఆఫీసులో గుమాస్తా ఒప్పుకోడు. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదులో కులం లేదు, మతం లేదు అని రాసుకునే వీలు పెట్టమంది. మంచిదే. కానీ దళితుడు కులం లేదని రాసుకుంటే స్కాలర్‌షిప్పు ఎవరిస్తారు? అందుకని వాడికి నేను ఫారం గొడవ ఇప్పుడొద్దన్నాను. పోస్టులు తీసెయ్యమన్నాను. గోరా చేసినట్టు ఎదురుగా వెళ్ళి కూర్చుని మాట్లాడమన్నాను, గుడికెళ్ళేవాళ్ళ ఇళ్ళకే.

ముందు మొహం మాడ్చుకున్నాడు. వారం తరవాత ఫోన్ చేసేడు. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టించాలని వాడూ వాడి స్నేహితులూ సంతకాలు తీసుకుంటున్నారు. గుడికైనా చర్చికైనా మసీదుకైనా చందా ఇష్టమైనవాళ్ళే ఇవ్వాలి, ఇవ్వనోళ్ళని పనులకి పిలవడం మానకూడదు, ఇంతే తీర్మానం. నలభై మూడు సంతకాలయ్యాయట. మొదటి సంతకం ఎవరిదని అడిగేను. గుడి పూజారి గారి తమ్ముడిదన్నా అన్నాడు.